30 రోజుల బ్యాకప్.. అర టీబీలోనే! గోదావరి జిల్లాల వ్యాపారులకు డీడూప్లికేషన్ పూర్తి గైడ్

మండపేట రైస్ మిల్లు కావచ్చు, భీమవరం రొయ్యల ప్లాంటు కావచ్చు, రాజమహేంద్రవరం తాడితోటలో హోల్‌సేల్ బట్టల షాపు కావచ్చు.. ఇప్పుడు లెక్కలన్నీ ఆఫీసులో ఓ మూలన పెట్టిన సర్వర్‌లోనే ఉంటున్నాయి. బిల్లులు, పార్టీల బాకీలు, స్టాకు, జీఎస్టీ రిటర్నులు, సిబ్బంది జీతాలు.. అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. అది ఆగిపోతే ఎవరు ఎంత బాకీ ఉన్నారో కూడా చెప్పలేని పరిస్థితి.

దీనికి చాలామంది చేసే పని ఒక్కటే. ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, సాయంత్రం షాపు కట్టేసే ముందు కాపీ కొడతారు. కొన్నాళ్లకే డిస్క్ నిండిపోతుంది. పాతది చెరిపేసి దాని మీదే కొత్తది వేస్తారు. అంటే చేతిలో ఉండేది నిన్నటి కాపీ మాత్రమే. ఫైలు పది రోజుల క్రితమే పాడై ఉంటే? ఆ పాడైన ఫైలునే రోజూ భద్రంగా కాపీ చేసుకుంటున్నట్టు!

నెలల తరబడి రోజువారీ బ్యాకప్‌లు ఉంచుకోవాలి, కానీ డిస్కుల మీద లక్షలు పోయకూడదు. ఈ రెండూ కుదిరే పద్ధతి పేరే డీడూప్లికేషన్. షార్ట్‌గా డీడూప్. అయితే ఇందులో ఓ మెలిక కూడా ఉంది. అది తెలుసుకోకుండా సెటప్ చేస్తే అసలుకే మోసం రావచ్చు.

అసలు డీడూప్లికేషన్ అంటే ఏంటి?

పాతకాలం గుమస్తాలు పద్దు పుస్తకం ఎలా రాసేవాళ్లో గుర్తుందా? పై వరసలో ఉన్న మాటే కింద కూడా రాయాల్సి వస్తే మళ్లీ రాసేవాళ్లు కాదు. ‘డిటో’ అని గుర్తు పెట్టి వదిలేసేవాళ్లు. డీడూప్ చేసేది సరిగ్గా అదే. కాకపోతే కాగితం మీద కాదు, డిస్క్ మీద.

ముందుగా సాఫ్ట్‌వేర్ మీ డేటాను చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. వీటినే చంక్స్ అంటారు. ఒక్కో చంక్ సైజు సాఫ్ట్‌వేర్‌ను బట్టి కొన్ని కేబీల నుంచి కొన్ని ఎంబీల దాకా ఉంటుంది. ప్రతి ముక్కకూ లెక్క కట్టి వేలిముద్ర లాంటి ఓ నంబర్ తీస్తుంది. దాని పేరు హ్యాష్. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు ఇందుకు షా-256 అనే పద్ధతి వాడతాయి. ఆ వేలిముద్ర ఇప్పటికే ఇండెక్స్‌లో ఉంటే ముక్కను మళ్లీ దాచదు. ‘ఇది ఫలానా చోట ఉంది’ అని డిటో పెడుతుంది. లేకపోతేనే కొత్తగా దాచుతుంది.

ముక్కలు కోయడంలోనూ రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఫిక్స్‌డ్.. అన్నీ ఒకే సైజు. వర్చువల్ మెషీన్ డిస్కులకు ఇది బాగా పనిచేస్తుంది. రెండోది వేరియబుల్.. లోపలి డేటాను బట్టి ఎక్కడ కోయాలో నిర్ణయిస్తుంది. మామూలు ఫైళ్లకు ఇదే మంచిది. ఎందుకంటే ఫైలు మొదట్లో ఒక్క లైను కొత్తగా చేరితే ఫిక్స్‌డ్ పద్ధతిలో తర్వాతి ముక్కలన్నీ జరిగిపోతాయి. పాతవాటితో ఒక్కటీ కలవదు. వేరియబుల్‌లో ఆ ఇబ్బంది ఉండదు. మారిన చోటే కొత్త ముక్క పుడుతుంది.

ఇది నిన్న మొన్న వచ్చిన టెక్నాలజీ కాదు. బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు షాన్ క్విన్లన్, షాన్ డోర్వర్డ్ 2002లోనే వెంటి అనే స్టోరేజ్ సిస్టమ్‌లో ఈ ఆలోచనను వివరించారు. 2001లో మొదలైన డేటా డొమైన్ కంపెనీ దీన్ని బ్యాకప్ పెట్టెగా చేసి మార్కెట్లోకి తెచ్చింది. 2009లో ఆ కంపెనీ కోసం నెట్‌యాప్, ఈఎంసీ పోటీ పడ్డాయి. చివరికి ఈఎంసీ దాదాపు 210 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అప్పట్లో బ్యాంకులు, పెద్ద కంపెనీలకే అందుబాటులో ఉన్న ఈ పద్ధతి ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ దొరుకుతోంది.

ఎంత జాగా మిగులుతుంది? లెక్క ఇదీ

ఉదాహరణకు ఓ సర్వర్‌లో 200 జీబీ డేటా ఉందనుకుందాం. రోజూ మొత్తం కాపీ చేస్తే 30 రోజులకు 6,000 జీబీ.. అంటే 6 టీబీ కావాలి. కానీ రోజుకు నిజంగా మారేది ఎంత? 2 శాతం అనుకుంటే 4 జీబీ. డీడూప్‌లో మొదటి రోజు 200 జీబీ, మిగిలిన 29 రోజులకు రోజుకు 4 జీబీ చొప్పున 116 జీబీ. మొత్తం 316 జీబీ. అంటే దాదాపు 19 రెట్లు ఆదా. పైగా 30 రోజుల్లో ఏ రోజు కావాలంటే ఆ రోజుకు వెనక్కి వెళ్లొచ్చు.

అయితే అన్ని రకాల డేటాకూ ఇంత ఆదా రాదు. ఫొటోలు, వీడియోలు, సీసీటీవీ రికార్డింగులు ముందే కుదించి ఉంటాయి. వేటికవే కొత్తవి. వాటిలో డిటో పెట్టడానికి ఏమీ దొరకదు. కాబట్టి సీసీటీవీ ఫుటేజ్‌ను ఈ స్టోరేజ్‌లోకి తోయకండి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. డేటాబేస్ బ్యాకప్‌ను ముందే జిప్ చేసి లేదా పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి డీడూప్ స్టోరేజ్‌కి పంపిస్తారు. అలా చేస్తే లోపల చిన్న మార్పు జరిగినా మొత్తం ఫైలు వేరేగా కనిపిస్తుంది. ఆదా దాదాపు సున్నా. డేటాబేస్‌లో కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్ ఆపేసి మామూలుగా పంపాలి. ముందు ముక్కలు కోయడం, తర్వాత కుదించడం, ఆఖర్న ఎన్‌క్రిప్ట్ చేయడం.. ఈ మూడు పనులూ వరసగా బ్యాకప్ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

మెలిక ఎక్కడుంది?

మళ్లీ పద్దు పుస్తకం దగ్గరికే వద్దాం. పేజీలో మొదటి వరస మీద నీళ్లు పడి అక్షరాలు చెరిగిపోయాయనుకోండి. కింద ఉన్న ‘డిటో’లన్నీ ఉన్నా ఏం లాభం? ఒక్కదానికీ అర్థం ఉండదు.

డీడూప్ డిస్క్‌లోనూ అంతే. లిస్టులో 30 రోజుల బ్యాకప్‌లు కనిపిస్తాయి. కానీ ప్రతి ముక్కకూ డిస్క్‌లో ఉండేది ఒకే ఒక్క కాపీ. ఆ ముక్క పాడైతే దాన్ని వాడుకునే 30 రోజుల బ్యాకప్‌లూ ఒకేసారి దెబ్బతింటాయి. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ డీడూప్‌లో 100 సార్లకు మించి వాడుకలో ఉన్న ముక్కకు అదనంగా ఇంకో కాపీ దాచే ఏర్పాటు చేసింది ఇందుకే. అయినా డిస్కే పోతే అది కూడా పోయినట్టే.

అందుకే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. డీడూప్ జాగాను ఆదా చేస్తుంది, భద్రతను ఇవ్వదు. ఆదా అయిన జాగాతో, డబ్బుతో రెండో కాపీ ఇంకోచోట పెట్టుకున్నప్పుడే అది నిజమైన బ్యాకప్.

గోదావరి జిల్లాల్లో ఇది ఎందుకు ముఖ్యం?

ఇక్కడ ముప్పు ఒకవైపు నుంచే రాదు. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టు వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. 1996 నవంబర్ 6 తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో ఇప్పటికీ అక్కడివాళ్లు మరిచిపోలేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. ఇలాంటప్పుడు సర్వర్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్క్.. రెండూ కలిసే తడుస్తాయి.

‘అన్నీ క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?’ అనుకోవచ్చు. 2022 మే 24న అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. నెట్ లేనప్పుడు క్లౌడ్‌లో ఎంత డేటా ఉన్నా చేతికి అందదు. కాబట్టి ఆఫీసులో ఒక కాపీ ఉండాల్సిందే, దూరంగా ఇంకో కాపీ ఉండాల్సిందే.

ఇక రెండో ముప్పు ర్యాన్సమ్‌వేర్. 2017 మేలో వాన్నాక్రై దెబ్బకు ఏపీ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మొరాయించాయి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇలాంటి దాడితోనే ఆగిపోయాయి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో 5 సర్వర్లలోని దాదాపు 1.3 టీబీ డేటాను దుండగులు తాళం వేసేశారు. అక్కడ ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చుకోగలిగారంటే కారణం.. దాడి తగలని ఓ బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండటమే. ఈ విషయాన్ని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అంత పెద్ద ఆస్పత్రిలోనూ చాలా సేవలు మామూలు స్థితికి రావడానికి రెండు వారాలు పట్టింది.

మూడోది చట్టం. కంపెనీల అకౌంట్స్ రూల్స్‌ను 2022 ఆగస్టులో సవరించారు. దాని ప్రకారం కంపెనీలు ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను రోజూ తీయాలి, అది భారత్‌లోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు భద్రపరచాలి. అంటే బ్యాకప్ అనేది ఇష్టం ఉంటే చేసే పని కాదు.

సెటప్‌కు ఏమేం కావాలి?

మొదట విడిగా ఓ మెషీన్. పనిచేస్తున్న సర్వర్‌లోనే బ్యాకప్ పెట్టకూడదు. చిన్న వ్యాపారానికి కొత్తది కొనాల్సిన పని లేదు. కండిషన్‌లో ఉన్న పాత 64 బిట్ డెస్క్‌టాప్ కూడా సరిపోతుంది.

ర్యామ్ మీద మాత్రం పిసినారితనం వద్దు. వేలిముద్రల ఇండెక్స్‌ను వెతకడానికి అదే ముఖ్యం. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌కు కనీసం 4 జీబీ, దానిపై ప్రతి టీబీ స్టోరేజ్‌కు ఇంకో జీబీ చొప్పున ఉండాలని దాన్ని తయారుచేసిన కంపెనీ చెబుతోంది. అంటే 4 టీబీ డిస్క్‌కు 8 జీబీ. జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లోనే విడిగా డీడూప్ ఆప్షన్ ఉంటుంది. అది ర్యామ్‌ను విపరీతంగా తినేస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఆ పని చేస్తోంది కాబట్టి దాన్ని ఆన్ చేయకండి.

డిస్కులు రెండు తీసుకుని మిర్రర్ చేయాలి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. నిరంతరం నడవడానికి చేసిన నాస్ రకం డిస్కులు అడగండి. ఎస్ఎంఆర్ రకం డిస్కులు రాతలో నెమ్మదిస్తాయి కాబట్టి వద్దు. ఎస్ఎస్‌డీ పెట్టగలిగితే రీస్టోర్ చాలా వేగంగా ఉంటుంది. ఎందుకంటే డీడూప్‌లో ఒక ఫైలు ముక్కలు డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉంటాయి.

యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి రాత మధ్యలో ఆగిపోతే ఇండెక్స్‌కే ముప్పు. మెషీన్‌ను కింది అంతస్తులో నేల మీద కాకుండా పై అంతస్తులో పెట్టండి. తీరం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలి నేరుగా తగలని గది చూసుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి?

వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు: ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రాక్స్‌మాక్స్ మీద నడిచే వర్చువల్ మెషీన్లను నేరుగా బ్యాకప్ తీస్తుంది. డీడూప్ అందులోనే ఉంటుంది, విడిగా ఆన్ చేయక్కర్లేదు.

విండోస్ సర్వర్‌లో ఫైళ్లు, లెక్కలు ఉన్నవాళ్లకు: రెస్టిక్, కోపియా. రెండూ ఉచితమే, రెండింటిలోనూ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకు బోర్గ్ బ్యాకప్ కూడా మంచి ఎంపిక.

ఇప్పటికే విండోస్ సర్వర్ లైసెన్స్ ఉన్నవాళ్లకు: 2012 వెర్షన్ నుంచి డేటా డీడూప్లికేషన్ అందులోనే వస్తోంది. సర్వర్ మేనేజర్‌లో ఫైల్ అండ్ స్టోరేజ్ సర్వీసెస్ కింద ఈ ఫీచర్‌ను చేర్చుకోవాలి. తర్వాత బ్యాకప్‌కు కేటాయించిన డ్రైవ్ మీద ఆన్ చేయాలి. విండోస్ ఉన్న సీ డ్రైవ్ మీద ఇది పనిచేయదు. 2016 తర్వాతి వెర్షన్లలో బ్యాకప్ కోసం ప్రత్యేక మోడ్ ఉంది, దాన్నే ఎంచుకోండి. మామూలు విండోస్ 10, 11లో ఈ ఫీచర్ ఉండదు.

సెటప్ ఇలా.. స్టెప్ బై స్టెప్

1. బ్యాకప్ మెషీన్‌కు విడి యూజర్‌నేమ్, విడి పాస్‌వర్డ్ పెట్టండి. ఆఫీసు నెట్‌వర్క్ అడ్మిన్ పాస్‌వర్డ్ దీనికి వాడొద్దు. దొంగ చేతికి ఒక తాళంచెవి దొరికితే రెండు ఇళ్లూ తెరుచుకోకూడదు కదా.

2. సర్వర్ నుంచి వచ్చే అకౌంట్‌కు కొత్త బ్యాకప్ రాసే అనుమతి మాత్రమే ఇవ్వండి. పాతవి చెరిపే అనుమతి ఇవ్వొద్దు. ప్రాక్స్‌మాక్స్‌లో, బోర్గ్‌లో, రెస్టిక్ సర్వర్‌లో ఈ సౌకర్యం ఉంది. అప్పుడు ర్యాన్సమ్‌వేర్ మీ సర్వర్‌లోకి దూరినా పాత బ్యాకప్‌ల జోలికి పోలేదు.

3. డేటాబేస్ ఫైలును నడుస్తుండగా నేరుగా కాపీ చేయొద్దు. ముందుగా డేటాబేస్ నుంచే బ్యాకప్ ఫైలు తీసి, దాన్ని పంపాలి. విండోస్‌లో తెరిచి ఉన్న ఫైళ్లకు వాల్యూమ్ షాడో కాపీ ఆప్షన్ ఆన్ చేయండి.

4. ఎన్ని రోజులవి ఉంచాలో ముందే నిర్ణయించుకోండి. ఉదాహరణకు రోజువారీవి 14, వారానికి ఒకటి చొప్పున 8, నెలకు ఒకటి చొప్పున 12, ఏడాదికి ఒకటి చొప్పున 7. జీఎస్టీ గడువుకు కూడా ఇది సరిపోతుంది.

5. గార్బేజ్ కలెక్షన్ షెడ్యూల్ పెట్టండి. పాత బ్యాకప్‌ను డిలీట్ చేయగానే జాగా ఖాళీ కాదు. ఏ ముక్కను ఎవరూ వాడట్లేదో వెతికి తీసేసే పని ఇదే. ప్రాక్స్‌మాక్స్ అయితే వాడుకలో లేని ముక్కను కూడా ఒక రోజుకు పైగా ఆగి గానీ తీయదు. కాబట్టి డిస్క్ పూర్తిగా నిండేదాకా చూడొద్దు. 80 శాతం దాటగానే అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి.

6. వెరిఫై జాబ్ కనీసం నెలకోసారి నడపండి. ఇది ప్రతి ముక్కనూ మళ్లీ చదివి వేలిముద్ర సరిపోతుందో లేదో చూస్తుంది. ‘మొదటి వరస’ చెరిగిపోయిందేమో ముందే తెలిసేది దీని వల్లే.

7. ఎన్‌క్రిప్షన్ కీని కాగితం మీద ప్రింట్ తీసి ఆఫీసు బయట భద్రంగా దాచండి. కీ పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఎవరూ తెరవలేరు.

రెండో కాపీ ఎక్కడ పెట్టాలి?

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రాన్ని ప్రపంచమంతా పాటిస్తోంది. డేటా మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్‌ల మీద, అందులో ఒకటి వేరే చోట. మన దగ్గర ‘వేరే చోట’ అంటే కాస్త ఆలోచించాలి. అమలాపురంలో ఒకటి, రాజోలులో ఇంకొకటి పెడితే అది రెండో చోటు కాదు. అదే తుపాను, అదే వరద రెండింటినీ తాకొచ్చు. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉన్న బ్రాంచ్, బంధువుల ఇల్లు, లేదంటే భారత్‌లో సర్వర్లు ఉన్న క్లౌడ్ కంపెనీ.. వీటిలో ఏదో ఒకటి చూసుకోవాలి.

ఇక్కడే డీడూప్ అసలు ఉపయోగం తెలుస్తుంది. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న మామూలు ఫైబర్ లైన్ మీద 200 జీబీ పంపాలంటే దాదాపు 22 గంటలు. రోజూ అయ్యే పని కాదు. అదే డీడూప్‌లో పంపే మెషీన్ ముందు వేలిముద్రలు చూపించి ‘ఇవి ఉన్నాయా?’ అని అడుగుతుంది. లేనివే పంపుతుంది. రోజుకు 4 జీబీ అయితే అరగంట లోపే. మొదటిసారి మాత్రం మొత్తం డేటాను డిస్క్‌లో వేసి చేత్తో తీసుకెళ్లి అక్కడ ఎక్కించడం మేలు.

ఇంకో జాగ్రత్త. ఆఫీసు మెషీన్ దూరంగా ఉన్న సర్వర్‌లోకి నెట్టడం కంటే, దూరంగా ఉన్న సర్వరే వచ్చి లాక్కునేలా పెట్టండి. అప్పుడు ఆఫీసు మొత్తం హ్యాక్ అయినా దూరపు సర్వర్ పాస్‌వర్డ్ ఇక్కడ ఎక్కడా ఉండదు. దీంతోపాటు వారానికోసారి కాపీ చేసి కేబుల్ తీసేసి బీరువాలో పెట్టే డిస్క్ ఒకటి ఉంటే మరీ మంచిది. కేబుల్ లేని డిస్క్‌ను ఏ హ్యాకరూ తాకలేడు.

రీస్టోర్ చేసి చూశారా?

బ్యాకప్ సక్సెస్ అని మెసేజ్ వస్తే పని అయిపోయినట్టు కాదు. నెలకోసారి ఏదో ఒక పాత తేదీ నుంచి ఒక ఫైలు తీసి తెరిచి చూడండి. మూడు నెలలకోసారి మొత్తం సర్వర్‌ను వేరే కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేసి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో పార్టీ బాకీలు సరిపోతున్నాయో లేదో అకౌంటెంట్‌తో చూపించండి. ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోండి. సీజన్ మధ్యలో సర్వర్ పోతే మిల్లు ఎన్ని గంటలు ఆగాలో ఆ నంబరే చెబుతుంది.

దాడి జరిగితే మాత్రం కంగారులో బ్యాకప్ మెషీన్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలపొద్దు. ముందు కేబుల్ తీసేయండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. సర్వర్‌ను శుభ్రంగా కొత్తగా ఇన్‌స్టాల్ చేశాకే, దాడికి ముందు తేదీ బ్యాకప్‌ను ఎక్కించాలి. నెల రోజుల కాపీలు ఉన్నవాళ్లకే ఆ ‘ముందు తేదీ’ దొరుకుతుంది.

వరద సీజన్‌లో ఇలా..

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. లంకలకు, ఏటిగట్లకు దగ్గర్లో వ్యాపారం ఉన్నవాళ్లు దీన్నే తమ టైమ్‌టేబుల్‌గా పెట్టుకోవచ్చు. మొదటి హెచ్చరిక రాగానే దూరపు కాపీ నిన్న రాత్రిది చేరిందో లేదో చూడాలి. రెండో హెచ్చరికకు బీరువాలోని డిస్క్‌ను ఊరు దాటించాలి. మూడోది వచ్చేసరికి సర్వర్‌ను, బ్యాకప్ మెషీన్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పై అంతస్తుకు చేర్చాలి. తడిసిన సర్వర్ స్థానంలో ఇంకోటి కొనుక్కోవచ్చు. పార్టీల బాకీల లిస్టు మాత్రం ఏ షాపులోనూ దొరకదు.